హోల్డరు లేని దీపాలు

పోయిన వారం మా మామయ్యను పరాయివాళ్ళ సోఫాలో కూర్చోబెట్టి మధ్యలో వచ్చేశాను. అక్కడికే వెళ్దాం. కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక్క నిమిషం వెనక్కి.

మా కాంపౌండులో ఆరు బ్లాకులున్నాయి. ఆరూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అవే మెట్లు, అదే ఆకుపచ్చ రెయిలింగు, అవే తలుపులు. ఏది ఎవరి బ్లాకో చెప్పేది వాకిలి దీపం ఒక్కటే. ఏ బ్లాకువాళ్ళ బల్బు వాళ్ళే తెచ్చి పెట్టుకోవాలన్నది ఇక్కడి పాత అలవాటు. అందుకని ఒకరిది ట్యూబులైటు, ఒకరిది నీలం బల్బు, ఇంకొకరిది కాసేపు కన్ను కొట్టి గానీ వెలగనిది. మాది నారింజ రంగుది. మా అత్తయ్య పట్టుబట్టి పెట్టించింది.

కొత్తగా కాపురానికొచ్చిన నేను వాటన్నిటినీ తీయించి, కరెంటు తక్కువ తాగే తెల్ల దీపాలు ఆరింటికీ ఒకేరకంగా పెట్టించాను. అసోసియేషన్ మీటింగులో లేచి నిలబడి వాట్లూ యూనిట్లూ అంటూ గడగడా మాట్లాడాను. అందరూ చప్పట్లు కొట్టారు. అత్తయ్య ఒక్కతే వద్దంది. ఎందుకని అడిగితే, "ఆ రంగు నాకిష్టం" అంది తప్ప ఇంకో ముక్క మాట్లాడలేదు. చదువుకున్న కోడల్ని కదా, మాటల్లో పెట్టి ఒప్పించేశాను. పాత బల్బును నా చేతులతోనే విప్పాను. స్టూలు కదలకుండా మా ఆయన పట్టుకున్నారు. స్టూలుకన్నా నన్నే ఎక్కువ పట్టుకున్నారు, అది వేరే సంగతి.

దీపాలు వెలిగిన మొదటి సాయంత్రమే మామయ్య పక్క బ్లాకు మెట్లెక్కి, రెండో అంతస్తులో తీసి ఉన్న తలుపులోంచి లోపలికి నడిచి, చెప్పులు విప్పి, సోఫాలో కూర్చుని, "ఏమోయ్, మంచినీళ్ళు" అన్నారు. నీళ్ళు తెచ్చింది అత్తయ్య కాదు, ఆ ఇంటి లెక్చరరమ్మ.

ఆ నీళ్ళు తాగకుండానే ఆయన ఉత్త కాళ్ళతో ఇంటికి పరిగెత్తుకొచ్చారు. మర్నాడు లెక్చరరమ్మ ఆ చెప్పుల్ని కవర్లో పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"మీ మామగారు మా ఇంట్లో అద్దెకు దిగుతారేమో కనుక్కో అమ్మాయ్. అడ్వాన్సు కింద చెప్పులు వదిలి వెళ్ళారు."

నేను పడీ పడీ నవ్వాను. రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ఇంకాస్త ఉప్పూ కారం వేశారు.

"ఏం నాన్నా, అక్కడ నీళ్ళు చల్లగా ఉన్నాయా?"

"మీ అమ్మ ఇచ్చేవాటికన్నా మర్యాదగా ఇచ్చింది, అంతే తేడా" అన్నారు మామయ్య. అందరికన్నా గట్టిగా ఆయనే నవ్వారు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. మర్యాద మాటకు కోపమొచ్చిందనుకుని, చెయ్యి కడుక్కునేటప్పుడు ఆవిడ భుజానికి భుజం రాసి బతిమాలాను కూడా. ఎంత తెలివైనదాన్నో చూడండి.

దీపాల సంగతిలో మీటింగులో చెప్పని కారణం ఒకటి నా దగ్గరుంది. ఇప్పుడు మీకు చెప్తున్నాను, మా ఆయనతో అనకండి. ఆయన సాయంత్రం ఆఫీసునుంచి గేటు దాటి వచ్చేటప్పుడు నేను బాల్కనీలో నిలబడతాను. పాత దీపాల మసక వెలుగులో సంచీ ఊగడం కనిపించేది, చొక్కా కనిపించేది, ముఖం మాత్రం మెట్ల దగ్గరికి వస్తే గానీ కనిపించేది కాదు. కొత్త దీపాలొచ్చాక గేటు దగ్గరే కనిపిస్తోంది. తల ఎత్తి నన్ను వెతుక్కునే ఆ ముఖం కోసం కాంపౌండంతటికీ దీపాలు మార్పించానంటే ఎవరైనా నవ్వుతారు. నేనూ ఆదివారం దాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

ఆదివారం మధ్యాహ్నం రెండు గ్లాసుల టీ పట్టుకుని మేడ మీదికి వెళ్ళాను. ఎండ బాగా కాస్తోంది. ఆరేసిన దుప్పట్లు గాలికి పొట్టలు ఉబ్బించుకుంటున్నాయి. మామయ్య పిట్టగోడ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని వ్యాన్ పక్క అద్దానికి కొత్త గాజు బిగిస్తున్నారు. ఆయన స్కూలు వ్యాన్ నడుపుతారు. మా కాంపౌండు పిల్లల్లో సగం మంది అందులోనే వెళ్తారు. వాళ్ళకు ఆయన వ్యాన్ తాతయ్య.

"వచ్చావా అమ్మాయ్! ఆస్పత్రి లైట్లు పెట్టించి పెట్టావు. సాయంత్రమైతే ఎవర్ని చూసినా ఇంజెక్షన్ చేయించుకోవడానికి వచ్చినవాళ్ళలాగే ఉంటున్నారు."

నేను ఆయనకు ఎడమ పక్కన నిలబడి ఉన్నాను. పౌరుషం పొడుచుకొచ్చింది. చిన్నప్పుడు మా అన్నయ్యకు చూపించినట్టు నాలుక గడ్డందాకా చాపాను.

మామగారికి నాలుక చూపించిన కోడలు మా వంశంలో ఉండి ఉండదు. ఇవాళే మా అమ్మకు ఫోను వెళ్తుంది అనుకున్నాను.

ఆయన గాజు అంచు తుడుస్తూ, "టీ తెస్తానన్నావు, తెచ్చావా?" అన్నారు.

గ్లాసు ఆయన మోచేతికి జానెడు దూరంలో ఉంది. పొగలు కక్కుతోంది. నేను మాట్లాడకుండా దాన్ని అక్కడే అలాగే పట్టుకున్నాను. ఆయన చూడలేదు. నిండు ఎండలో, కళ్ళు తెరుచుకుని, పక్కనే ఉన్న గ్లాసును ఆయన చూడలేదు. రెండోసారి నాలుక చాపాను. ఈసారి అందులో చిలిపితనం లేదు.

"తీసుకోండి మామయ్యా" అన్నాను. ఆయన చెయ్యి ముందుకు చాపి, గాలిని పట్టుకుని, మళ్ళీ వెనక్కి తీసుకున్నారు.

"మామయ్యా, నేనెక్కడున్నాను?"

"ఎక్కడుంటావు? ఇక్కడే." నవ్వుతూ తల తిప్పారు. తల నన్ను దాటి అవతలికి పోయింది. మళ్ళీ ఇవతలికి వచ్చింది. చీకట్లో టార్చిలైటు తిప్పుతూ మనిషిని వెతికినట్టు, తిప్పి తిప్పి చివరికి నా ముఖం మీదికి తెచ్చారు. నా ముఖంలో ఏం కనిపించిందో, ఆ నవ్వు ఆగిపోయింది.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"ఏది ఎప్పటినుంచి?"

"మామయ్యా..."

ఆయన గ్లాసు అందుకుని, తాగకుండా కింద పెట్టారు. నేల తగిలిందో లేదో వేలితో తడిమి మరీ పెట్టారు.

"ఎడమది దాదాపు పోయింది. కుడిదానికి ఎదురుగా ఉన్నది బాగా ఆనుతుంది, పక్కలు ఆనవు. డాక్టరు చుక్కల మందు ఇచ్చాడు. పోయింది రాదు, ఉన్నది నిలుస్తుందేమో చూద్దాం అన్నాడు. నిలిచింది చూడు. నీ జాకెట్టు చేతి దగ్గర దారం ఊడి వేలాడుతోంది. అవునా కాదా?"

చూసుకున్నాను. నిజమే, దారం వేలాడుతోంది. పరీక్ష పాసైన పిల్లాడిలా ఆయన ముఖం వెలిగింది. నాకు ఏడుపొచ్చింది.

"సాయంత్రమైతేనే ఇబ్బంది. అంతా బూడిద పూసినట్టుంటుంది. గేటు దగ్గర నిలబడి మన నారింజ దీపాన్ని వెతుక్కునేవాణ్ణి. దొరికాక దాన్ని ముక్కుకు సూటిగా పెట్టుకుని నడిచేస్తే మన మెట్లే. ఎప్పుడూ తప్పిపోలేదు."

"దాన్ని నేనే తీసేశాను."

"నీకేం తెలుసు తల్లీ? మంచి పనే చేశావు. అందరూ మెచ్చుకున్నారుగా."

ఆయన నన్ను ఓదారుస్తున్నారు! ఎవరు ఎవర్ని ఓదార్చాలో కూడా తెలియని చోట నిలబడ్డాను. అప్పుడు ఆయన ఒళ్ళో ఉన్న అద్దం మీద నా చూపు పడింది. అది వ్యాన్‌కు ఎడమ పక్కది.

"ఇది ఎలా పగిలింది?"

"గేటుకు తగిలింది."

"గేటుకేనా?"

"గేటే అమ్మాయ్. రేకు శబ్దం వచ్చింది."

దుప్పట్లు టపటపా కొట్టుకుంటున్నాయి. ఆయన అన్న మాట ఆయనకే వినపడినట్టుంది, తల దించుకున్నారు.

"మామయ్యా, పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతున్నారు."

"పగలే కదా."

"మొదటివాళ్ళు ఎక్కేటప్పటికి ఇంకా చీకటే. ఇది చలికాలం."

"ఆ దారి నాకు కొత్తా? కళ్ళు మూసుకుని..." అని ఆగిపోయారు.

"దారి మీకు తెలుసు. దారి మీదికి ఎవరొస్తారో తెలియదు కదా మామయ్యా."

ఆయన అద్దాన్ని గుడ్డలో చుట్టారు. విప్పి మళ్ళీ చుట్టారు. నాకు జవాబు చెప్పడం మానేసి బతిమాలడం మొదలుపెట్టారు. మా ఇంట్లో అందరికన్నా పెద్ద గొంతు ఆయనది. ఆ గొంతు అంత చిన్నదవుతుందని నేను అనుకోలేదు.

"సెలవులిచ్చేదాకా. ఆ తర్వాత నేనే ఆపేస్తాను. మావాడికి చెప్పకు. చెప్తే ఈ సాయంత్రమే తాళంచెవి తీసుకుంటాడు. వాడి తప్పేం లేదు. తీసుకోవాలి కూడా. కానీ రేపటినుంచి నేను బాత్రూముకు లేచినా నలుగురూ వచ్చి చెయ్యి పట్టుకుంటారు. వ్యాన్ లేకపోతే తెల్లారి లేచి ఏం చెయ్యను, చెప్పు? పేపరు చదవనా?" అని తన జోకుకు తనే నవ్వబోయి, నవ్వు రాక ఊరుకున్నారు. "మాటివ్వు తల్లీ."

నేను మాటివ్వలేదు. ఇవ్వనని కూడా అనలేదు. టీ చల్లారిపోయిందని, వేడి చేసి తెస్తానని చెప్పి కిందికి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే అర్థమైంది, అలా వచ్చేయడాన్ని ఆయన మాట కిందే తీసుకుంటారని.

సాయంత్రం మా ఆయన ఏదో పని మీద బజారుకెళ్ళి వచ్చారు. గేటు దాటగానే దీపం కింద నిలబడి, తల ఎత్తి, రెండు చేతులూ ఊపారు. ముఖం ఎంత స్పష్టంగా కనిపించిందంటే, పై పెదవి మీద షేవింగులో పడిన గాటు కూడా పోల్చుకోగలిగాను. మామూలుగా అయితే నేనూ ఊపుతాను, ఆపైన లోపలికి పరిగెత్తి అద్దంలో బొట్టు సరిచూసుకుంటాను. ఆ రోజు చెయ్యి లేవలేదు.

"ఏంటి, బాల్కనీలో బొమ్మలా నిలబడ్డావు?" అన్నారు పైకొచ్చి.

నలుగురిలో ఆయన్ని 'మీరు' అంటాను. గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు 'నువ్వు'. ఆ తేడా నాకు భలే ఇష్టం. గది తలుపు దగ్గరగా వేసి, "నువ్వొక పని చెయ్యాలి" అన్నాను.

"చెప్పండి మేడం."

"మన వాకిట్లో పాత బల్బు పెట్టించవా? నారింజది."

ఆయన మంచం మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వారు. "మీటింగులో ఆ ఉపన్యాసమేంటి, ఇప్పుడు ఈ విన్నపమేంటి? సెక్రెటరీ గారి దగ్గరికి వెళ్ళి ఏమని చెప్పను? దీపాల ఉద్యమ నాయకురాలు పార్టీ మార్చిందనా? కారణం అడుగుతారు కదా, ఏం చెప్పను?"

కారణం గొంతులో ఉంది. పెదవుల దాకా వచ్చింది. నవ్వుతున్న ఆ ముఖాన్ని చూశాను. నా మాట విన్న మరుక్షణం అది ఇలా ఉండదు. లేచి వెళ్ళి తాళంచెవి తీసుకుంటారు. పిల్లలు క్షేమంగా ఉంటారు. మామయ్య నన్ను ఇక ఎప్పటికీ తల్లీ అనరు. అది నాకు తెలిసే, పిల్లల సంగతి కూడా తెలిసే, నా నోరు వేరే మాట మాట్లాడింది.

"ఆ రంగు నాకిష్టం."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

ఆయన స్నానానికి వెళ్ళాక అత్తయ్య నన్ను పిలిచింది. ఆవిడ చేతిలో తువ్వాలు మూట ఉంది. విప్పితే లోపల మా నారింజ బల్బు! పాతవన్నీ గోనెసంచిలో వేసి అసోసియేషన్ వాళ్ళు తీసుకెళ్ళిపోయారనుకున్నాను.

"నీకు తెలిసిపోయిందా?" అంది.

నేను తల ఊపాను.

"నాకు ఎప్పుడో తెలుసు. కొడుక్కి చెప్తే ఇల్లు వదిలి పోతానన్నాడు మనిషి. అన్నంత పనీ చేస్తాడు, నీకు తెలియదు. నేనేం చెయ్యను? దీపం రంగు మార్చాను. నా చేతనైంది అదే."

"వ్యాన్ సంగతి అత్తయ్యా?"

ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంది. "పొద్దున్న ఆయన వెళ్ళాక, వ్యాన్ తిరిగొచ్చిన శబ్దం వినేదాకా నేను పొయ్యి వెలిగించను. నువ్వు గమనించలేదా? రోజూ టిఫిన్ ఆలస్యమవుతోందని మావాడు విసుక్కుంటాడు కదా."

గమనించాను. అత్తయ్యకు కాస్త బద్ధకమని మా అమ్మతో ఫోనులో చెప్పి నవ్వాను కూడా.

ఇద్దరం స్టూలు పట్టుకుని కిందికి దిగాం. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఆలోచించలేదు. అత్తయ్య స్టూలు పట్టుకుంది, నేనెక్కాను. బల్బు పైటలో దాచుకుని, కొత్త దీపం చుట్టూ వేళ్ళతో తడిమాను. కుడికి తిప్పాను, ఎడమకు తిప్పాను. కదల్లేదు. వెలుగు సూటిగా కళ్ళల్లో కొడుతోంది. చేతికి వేడి కూడా తగలడం లేదు. తెల్లటి పళ్ళెం ఒకటి గోడకు అతికి ఉంది, అంతే. అంచు వెంబడి మళ్ళీ తడిమాక అర్థమైంది. దీనికి హోల్డరే లేదు. దీపమూ డబ్బా అన్నీ ఒకే ముక్క. విప్పడానికి లేదు, ఇంకోటి పెట్టడానికి లేదు. ఏళ్ళ తరబడి బల్బు మార్చే పని లేదని మీటింగులో గొప్పగా చెప్పింది నేనే.

"పట్టడం లేదా?" అంది అత్తయ్య కింద నుంచి.

"పెట్టడానికి చోటు లేదు అత్తయ్యా."

ఆవిడ బల్బు అందుకుని, చెంగుతో దుమ్ము తుడిచి, మళ్ళీ తువ్వాల్లో చుట్టింది. చుట్టూ ఆరు వాకిళ్ళూ ఒకే తెలుపులో వెలుగుతున్నాయి. కళ్ళు బాగున్న నాకే ఆ క్షణం ఏ మెట్లు ఎవరివో తెలియలేదు.

మర్నాడు తెల్లవారకముందే వ్యాన్ స్టార్టయిన శబ్దం వినిపించింది. శాలువా చుట్టుకుని పరిగెత్తాను. తాళంచెవి లాక్కోవాలనే దిగాను, ఒట్టు. ఎడమ తలుపు తీసి, ముందు సీట్లో కూర్చున్నాక నా నోరు మళ్ళీ వేరే మాట మాట్లాడింది.

"స్కూలు దగ్గర చిన్న పనుంది మామయ్యా. నేనూ వస్తాను."

ఆయనకు తెలుసు. అడగలేదు. "తలుపు గట్టిగా వెయ్యి" అన్నారు.

పిల్లలు ఒక్కొక్కరే ఎక్కారు. టిఫిన్ డబ్బాల చప్పుడు, సబ్బు వాసన, ఎవరిదో పెన్సిల్ ఎవరో తీసుకున్నారన్న గొడవ. పెళ్ళైనప్పటినుంచీ నేను కలలు కనే వాసన, నేను కలలు కనే గొడవ. కిటికీ అద్దాలకు ఊపిరి ఆవిరి పట్టింది. నేను రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా, ఎడమ పక్క ఎవరొచ్చినా అరవడానికి సిద్ధంగా కూర్చున్నాను. ఆపడం చేతకాలేదు, కనీసం కన్నునవుతాను అనుకున్నాను.

మొదటి మలుపు వచ్చింది. నేను నోరు తెరిచేలోగా వెనకనుంచి ఒక్కపెట్టున కేక లేచింది.

"ఎడమ ఖాళీ!"

వ్యాన్ ఎడమకు తిరిగింది. ఎడమ వరసలో కూర్చున్న పిల్లలందరూ చొక్కా చేతులతో అద్దాలు తుడుచుకుని బయటికి చూస్తున్నారు. రెండో మలుపు. మళ్ళీ అదే కేక, ముద్దుగా, రాగం తీస్తూ. "ఎడమ ఖాళీ!"

నేను మామయ్య వైపు చూశాను. ఆయన రోడ్డు మీది చూపు మరల్చలేదు. దవడ మాత్రం బిగుసుకుంది.

వెనక్కి తిరిగి, నా సీటు వెనకే ఉన్న రెండు జడల పిల్లను అడిగాను. "ఏంటమ్మా ఇది?"

"మా ఆట ఆంటీ! తాతయ్య నేర్పించాడు. ఎడమ పక్క ఎవరూ లేకపోతే ఖాళీ అనాలి. తప్పు చెప్తే అవుట్."

"ఎవరు గెలుస్తారు?"

"ఎవరూ గెలవరు. స్కూలొస్తే ఆట అయిపోతుంది" అంది ఆ పిల్ల, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

ఆ పిల్ల కళ్ళల్లోకే చూస్తూ ఉండిపోయాను. ఎంత మంచి కళ్ళు! ఎన్నాళ్ళుగా ఆ కళ్ళతోనే ఈ వ్యాన్ నడుస్తోందో!

మూడో మలుపు వచ్చినట్టుంది. వ్యాన్ కాస్త నెమ్మదించింది. అద్దాల మీద చేతులు గబగబా ఆడాయి.

"ఎడమ ఖాళీ!" అని అరిచారు అందరూ.

ఒక్క గొంతు, అందరికన్నా వెనకనుంచి, అందరికన్నా ఆలస్యంగా అంది. "కాదు, కాదు, ఉంది!"

నేను ఇంకా వెనక్కే తిరిగి ఉన్నాను. మామయ్య అప్పటికే స్టీరింగు తిప్పేశారు.